ఆరు రోజులు నీళ్ల మీదా, రోజుకో రేవులోనా? మా ఇంట్లో తేలడం లేదు

తెరచాప · సోమవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. నవంబరు చివర్లో మా ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. మా ముందు రెండు క్రూయిజ్‌లున్నాయి. మొదటిది పశ్చిమ మధ్యధరా సముద్రంలో ఏడు రాత్రులు. బార్సిలోనాలో మొదలై మార్సెయ్, లివోర్నో, చివిటావెక్కియా, నేపుల్స్ వగైరా తిప్పి మళ్లీ బార్సిలోనాకే తెస్తుంది. ఓడ ఎక్కడా ఆగని రోజు ఒక్కటే. రెండోది అదే బార్సిలోనా నుంచి మలగా, కెనరీ దీవుల్లోని టెనెరిఫె మీదుగా అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవి బార్బడోస్‌లో దింపుతుంది. అందులో వరసగా ఆరు రోజులు నీళ్లు తప్ప ఏమీ ఉండవు.

నాకు రెండోది కావాలి. మా ఆయనకు ఆ మాట ఎత్తితేనే ఊపిరాడటం లేదు. "ఆరు రోజులు గోడలు చూస్తూ కూర్చోవడానికి అంత దూరం వెళ్లాలా?" అంటారు. రేవు రోజుల్లో పొద్దున్నే లేచి బస్సుల వెంట పరుగెత్తడం సెలవు ఎలా అవుతుందని నేను అడుగుతాను. రెండు రకాలూ చూసినవాళ్లు చెప్పండి. ఒక్క విన్నపం, "ఎవరి ఇష్టం వారిది" అని మాత్రం రాయకండి. ఆ సంగతి మాకూ తెలుసు, దానితో టికెట్టు కొనలేం.

రేవులరాజు · సోమవారం, ఉదయం 9:42

నా ఓటు మీ వారికి.

ఓడ నాకు రాత్రి ఒక ఊళ్లో పడుకుని తెల్లవారి మరో ఊళ్లో లేచే ఏర్పాటు. పెట్టె ఒక్కసారి విప్పితే చాలు. రైలు వేళలు, హోటల్ గదులు మార్చడాలు ఏమీ ఉండవు. నేపుల్స్ రేవులో దిగితే నగరం ఎదురుగానే ఉంటుంది. రైలెక్కితే క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన పాంపేకి గంటలోపే చేరతారు. పొద్దున వెళ్లి, రాళ్లు పరిచిన ఆ వీధుల్లో తిరిగి, సాయంత్రం భోజనానికి ఓడలో ఉండొచ్చు. ఇంతకన్నా ఏం కావాలి?

ఇక సముద్రపు రోజు. ఓడలోని మూడు నాలుగు వేలమందీ ఆ రోజు ఓడలోనే ఉంటారు. ఈతకొలను పక్కన కుర్చీల మీద తెల్లవారకముందే తువ్వాళ్లు పరిచి వెళ్లిపోయేవాళ్లు ఒకవైపు, గంటకోసారి మైకులో వేలంపాటలు, వాచీల అమ్మకాలు ఇంకోవైపు. బజారు నుంచి పారిపోదామని టికెట్టు కొని బజారులోనే చిక్కుకోవడం అది.

గడియారంవద్దు · సోమవారం, ఉదయం 10:30

రాజు గారూ, నేపుల్స్ మీకు అనుకూలమైన ఉదాహరణ. ఆ జాబితాలో దాని ముందున్న రెండు పేర్ల గురించి మాట్లాడరేం?

చివిటావెక్కియా టికెట్టు మీద "రోమ్" అని ఉంటుంది. రేవు నుంచి రోమ్ 70 కిలోమీటర్లకు పైనే. ఓడ ఏడింటికి కట్టారనుకోండి. అనుమతులు వచ్చి, వరస కదిలి, బస్సో రైలో ఎక్కి నగరం చేరేసరికి పది. ఓడ సాయంత్రం ఏడింటికి కదిలితే ఆరున్నరకల్లా లోపల ఉండాలి. గుండె ధైర్యం ఉన్నవాళ్లు కూడా నాలుగు దాటాక రోమ్‌లో నిలబడరు. రెండున్నర వేల ఏళ్లు దాటిన నగరానికి మిగిలేది ఆరు గంటలు, అందులోనూ ఒక కన్ను గడియారం మీదే. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది. "పారిస్" అని రాసే లె ఆవ్ర్ రేవు పారిస్‌కు దాదాపు 200 కిలోమీటర్లు. "బెర్లిన్" అని రాసే వార్నెమ్యుండె అంతకన్నా దూరం. 2021 ఆగస్టులో పెద్ద ఓడలను వెనిస్‌లోని జుడెక్కా కాలువ నుంచి వెళ్లగొట్టాక "వెనిస్" అని అమ్మే ప్రయాణాల్లో కొన్ని నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రవెన్నాలో దింపుతున్నాయి.

రేవు రోజుకు నేను వ్యతిరేకిని కాను. ఓడ దిగి నడిచి ఊళ్లోకి వెళ్లగలిగే రేవులుంటే నేనే ముందు దిగుతాను. కొటోర్, డుబ్రోవ్నిక్ పాత రేవు, వల్లెట్టా, బెర్గెన్, కీ వెస్ట్ అలాంటివి. వల్లెట్టాలో అయితే దిగనక్కర లేదు కూడా, కోటగోడల మధ్య ఓడ లోపలికి వెళ్లే అరగంటకే టికెట్టు డబ్బులు వచ్చేస్తాయి. పోలుస్తున్నది రేవునూ సముద్రాన్నీ అనుకుంటున్నారు మీరు. చాలా సందర్భాల్లో పోల్చవలసింది సముద్రంలో ఒక రోజునూ, బస్సులో మూడు నాలుగు గంటలనూ.

సందేహం · సోమవారం, ఉదయం 10:51

ఆరు రోజులు వరసగా అంటున్నారు. వాంతుల సంగతి ఎవరూ మాట్లాడరేం?

ఇంజన్‌గది · సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను కొన్నేళ్లు ఇలాంటి ఓడల్లో ఇంజన్ విభాగంలో పనిచేశాను. సందేహం గారికి ముందు జవాబు చెప్తాను.

పెద్ద ఓడలకు నీటి అడుగున రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. ఓడ అటూ ఇటూ ఒరగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి. ముందు భాగం లేచి పడటాన్ని మాత్రం ఆపలేవు. ఆ ఊపు ఓడ ముందు కొసలోనూ వెనుక కొసలోనూ ఎక్కువ, నడిమధ్యలో తక్కువ. ఎత్తు పెరిగేకొద్దీ ఒరుగుడూ ఎక్కువగా తెలుస్తుంది. అందుకే వికారం భయం ఉన్నవాళ్లు ఓడ మధ్యలో, కింది డెక్కులో గది తీసుకోవాలి. పై డెక్కు బాల్కనీ గది ఖరీదెక్కువ, ఊపూ ఎక్కువ. చెవిలోని సమతౌల్య అవయవం కదులుతున్నానంటుంది, గది గోడలు చూస్తున్న కన్ను కదలడం లేదంటుంది. ఆ తగువే వికారం. డెక్కు మీదికి వచ్చి దిగంతం వైపు చూస్తే తగువు చాలావరకు తీరుతుంది. మాత్ర వేసుకోదలిస్తే డాక్టరును అడిగి ముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక అంతగా పనిచేయదు.

ఇక మీ వాదన. ప్రయాణికులకు తెలియని సంగతి ఒకటుంది. రేవు రోజును కంపెనీ ఖర్చు రోజుగా చూస్తుంది. రేవు రుసుములు, ఓడకు రేవులోకి దారి చూపే పైలట్ రుసుము అన్నీ కట్టాలి. ఓడ కట్టి ఉన్నప్పుడు చాలా రేవుల్లో సుంకం, జూదం నిబంధనల వల్ల లోపలి దుకాణాలూ జూదశాలా మూసేయాలి. సముద్రంలోకి వెళ్లగానే అవి తెరుచుకుంటాయి. రాజు గారు విసుక్కున్న మైకు గోల అందుకే. ఆరు రోజుల ప్రయాణంలో మొదటి రెండు రోజులు ఆ గోల ఉంటుంది. కొనేవాళ్లు కొనేస్తారు, మిగతావాళ్లు కొనరని అమ్మేవాళ్లకూ అర్థమవుతుంది, తర్వాత తగ్గిపోతుంది. ఏడు రాత్రుల ప్రయాణంలో ఉన్న ఒకే ఒక్క సముద్రపు రోజునైతే పిండుకున్నంత పిండుతారు. ఒక్క రోజు చూసి సముద్రపు రోజులంటే ఇంతే అనుకునేవాళ్లు అక్కడే మోసపోతారు.

సిబ్బందికి ఏది ఇష్టమని కూడా అడుగుతారు. మా విభాగానికి రేవంటే మరమ్మతులు, ఇంధనం, ఓడను గట్టుకు చేర్చే పనులు. అగ్నిప్రమాదానికీ ఓడ విడిచిపెట్టడానికీ సంబంధించిన అభ్యాసాల్లో ప్రతి ఒక్కరూ నెలకు ఒక్కసారైనా పాల్గొనాలన్నది అంతర్జాతీయ నిబంధన. ప్రయాణికులు దిగిపోయిన రోజే వాటికి అనువు. భోజనశాల వాళ్లనడగండి, వాళ్లు రేవుకే ఓటేస్తారు.

మాలిని · సోమవారం, సాయంత్రం 4:20

మా నాన్నగారు చక్రాల కుర్చీలో ఉంటారు. ఆయనతో కలిసి వెళ్తే ఈ ప్రశ్న వేరే రకంగా కనబడుతుంది.

గ్రీసులోని సాంటొరినీ దీవి లాంటి చోట పెద్ద ఓడలకు కట్టుకునే గట్టు లేదు. ఓడ దూరంగా ఆగుతుంది, చిన్న టెండర్ పడవల్లో దింపుతారు. ఓడకూ పడవకూ మధ్య సందు అలలతో పాటు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. నాలుగు అడుగులు వేయలేనివాళ్లను చాలా ఓడల్లో అందులోకి ఎక్కనివ్వరు, ఎక్కనివ్వకపోవడమే న్యాయం. ఒడ్డు చేరినా ఊరు కొండమీద. దాదాపు 600 మెట్లు, లేదంటే కేబుల్ కారు వరస. ఆ రోజు నాన్నగారు డెక్కు మీద కూర్చుని తెల్లటి ఊరిని దూరం నుంచి చూశారు. చుట్టూ ఖాళీ, అడగకుండానే వచ్చి పలకరించే సిబ్బంది. ఆయనకు అది బాగా నచ్చింది.

కాని నచ్చినదానికీ సరిపెట్టుకున్నదానికీ తేడా ఉంది. దిగేవాళ్ల వరసను ఆయన చూడకుండా ఉండలేరు. సముద్రపు రోజున ఆ వరసే ఉండదు. అందరూ ఉన్నచోటే ఉంటారు. పొద్దున ఉపన్యాసం, మధ్యాహ్నం సంగీతం, సాయంత్రం పేకాట బల్ల దగ్గర కొత్త స్నేహితులు. ఆ రోజు ఓడలో ఆయన ఎవరికీ తీసిపోరు. తెరచాప గారూ, మీ ఇద్దరికీ ఈ ఇబ్బంది లేదు కాబట్టి మీ ప్రశ్నకు ఇది జవాబు కాకపోవచ్చు. రేవు రోజు అందరికీ ఒకేలా రాదని చెప్పాలనిపించింది, అంతే.

రేవులరాజు · సోమవారం, రాత్రి 8:05

మాలిని గారూ, మీ మాటకు ఎదురు చెప్పను.

గడియారంవద్దు గారికి మాత్రం చెప్తాను. ఆరు గంటల రోమ్ తక్కువేనండీ, ఒప్పుకుంటాను. సున్నా గంటల రోమ్ అంతకన్నా తక్కువ కదా? బ్రతికుండగా మళ్లీ అటు వెళ్తామో లేదో తెలియని మనిషి ఆరు గంటల్లో కొలోసియం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వస్తే మీకేం నష్టం? నచ్చితే తర్వాత తీరిగ్గా వెళ్తాడు. నేను అలా రుచి చూసి వెనక్కి వెళ్లిన ఊళ్లున్నాయి. సముద్రాన్ని రుచి చూసి మళ్లీ దాని మధ్యలోకే వెళ్లి కూర్చోవాలని మాత్రం ఎన్నడూ అనిపించలేదు. అక్కడ చూడటానికి ఏముంది చెప్పండి?

దూరదర్శిని · సోమవారం, రాత్రి 9:37

రాజు గారు అడిగారు కాబట్టి ఇది కాస్త పెద్దదవుతుంది.

నీటికి 30 మీటర్ల ఎత్తున డెక్కు మీద నిలబడితే దిగంతం సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ వలయంలో ఒక్కోసారి రోజంతా మరో ఓడ కనబడదు. టెనెరిఫె నుంచి బార్బడోస్ దాదాపు 4,800 కిలోమీటర్లు. 18 నాట్లంటే గంటకు 33 కిలోమీటర్లు, కనుక ఆరు రోజులు. 1492లో కొలంబస్ ఇదే కెనరీ దీవుల్లోని లా గొమేరా నుంచి బయలుదేరి 36 రోజులకు నేల చూశాడు. ఆయన ఈ దారి పట్టడానికి కారణమైన ఈశాన్య వ్యాపార పవనాలే మీ వెనుక కూడా వీస్తాయి. దానివల్ల ఒక వింత జరుగుతుంది. గాలి 15-20 నాట్ల వేగంతో వెనుక నుంచి వస్తుంది, ఓడ కూడా దాదాపు అదే వేగంతో పోతుంది. డెక్కు మీద గాలి ఆగిపోయినట్టుంటుంది. కిందికి చూస్తే అలల తలలు తెల్లగా విరుగుతుంటాయి, మీ చేతిలో పుస్తకం పుట మాత్రం కదలదు. ఇదే సముద్రాన్ని తూర్పు వైపుగా దాటితే ఆ రెండు వేగాలూ కలిసి ముఖాన కొడతాయి.

మూడో రోజుకు నీళ్ల రంగు మారిందని మీకే తెలుస్తుంది. ఓడ ముక్కు దగ్గర ఎగిరే చేపలు గుంపులుగా లేచి నీటి మీదుగా జారుకుంటూ పోతాయి. పసుపు పచ్చని సర్గాసమ్ నాచు గాలి వాలున బారులు తీరి ఉంటుంది. దారిలో సుమారు మూడింట రెండు వంతులు దాటే చోట ఓడ కింద మధ్య అట్లాంటిక్ పర్వతశ్రేణి ఉంటుంది. అటూ ఇటూ లోతు 5,000 మీటర్ల వరకు పోయి, అక్కడ కిలోమీటర్ల కొద్దీ పైకి లేస్తుంది. కళ్లకు ఏమీ కనబడదు, నిజమే. క్యాబిన్ టీవీలో ఓడ దారి చూపే పటం పెట్టుకుని ఆ గీత దాటే వేళ డెక్కు మీద నిలబడటం నా వెర్రి అనుకోండి.

ఇంకో మాట. ఏదైతే రేవూ కాదు, ఉత్త సముద్రమూ కాదో ఆ మూడో రకం రోజును మీరందరూ మరిచిపోయారు. అలాస్కాలోని గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే రానిస్తారు. అక్కడి జాతీయ ఉద్యానవనం రేంజర్లు ఓడలోకి ఎక్కి వివరిస్తారు. ఓడ ఎక్కడా కట్టదు, హిమానీనదం ముందు నిలిచి నెమ్మదిగా తిరుగుతుంది. పనామా కాలువ కూడా అంతే. 1914లో తెరిచిన ఆ కాలువలో గటూన్ లాకుల దగ్గర ఓడను 26 మీటర్లు పైకెత్తి సరస్సులో వదులుతారు, అటు చివర మళ్లీ దించుతారు. రోజంతా ఓడ దిగరు, రోజంతా కుర్చీలో కూర్చోలేరు. రాజు గారి లాంటి వాళ్లను సముద్రపు రోజులకు అలవాటు చేయాలంటే అక్కడ మొదలుపెట్టాలి.

రేవులరాజు · సోమవారం, రాత్రి 9:52

పనామాకు నేను సిద్ధం. నాచు మీరే చూసుకోండి.

గడియారంవద్దు · మంగళవారం, ఉదయం 7:30

తెరచాప గారు గమనించాల్సినది ఇంకొకటి. పడమర దిక్కుగా దాటితే రాత్రి గడియారం గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. బార్సిలోనాకూ బార్బడోస్‌కూ శీతాకాలంలో ఐదు గంటల తేడా, అంటే ఐదు రాత్రులు గంటసేపు ఎక్కువ నిద్ర. విమానంలో వచ్చిపడే అలసట ఉండదు. వసంతంలో తూర్పుకు తిరిగొచ్చే ఓడల్లో రోజుకు 23 గంటలే, ఆ తేడా మూడో రోజుకల్లా అందరి ముఖాల్లో కనబడుతుంది. నా పేరు చూసి నవ్వకండి.

రేవుల లెక్క వేసేటప్పుడు ఇది కూడా చూడండి. పట్టికలో ఉన్న ప్రతి రేవూ చేతికి వస్తుందన్న హామీ టికెట్టులో ఎక్కడా ఉండదు. ఫాక్‌లాండ్స్‌లోని స్టాన్లీ, ఈస్టర్ ద్వీపం లాంటి చోట్ల గాలో అలలో పెరిగితే కెప్టెన్ దిగనివ్వడు, రేవు రోజు సముద్రపు రోజుగా మారిపోతుంది. సాధారణంగా ఆ రేవు రుసుము తిరిగి ఇస్తారు, అంతవరకే. మరోవైపు అసలు ఊరు చూపించడానికి కాకుండా చట్టం కోసం ఆపే రేవులు ఉన్నాయి. అమెరికాలో 1886 నాటి చట్టం వల్ల విదేశీ జెండా ఓడ, అంటే విదేశంలో నమోదైనది, సియాటెల్‌లో ఎక్కించుకుని అలాస్కా తిప్పి తేవాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి. అందుకని కెనడాలోని విక్టోరియాలో చాలాసార్లు సాయంత్రం పూట కొన్ని గంటలు ఆపుతారు. చక్కటి ఊరు, తోటలు మూసేవేళకు చేరతారు. కాబట్టి రేవులను లెక్కపెట్టేముందు ఎన్నింటికి కడతారో, ఎన్నింటికి విప్పుతారో చూడాలి.

ఎదురుగాలి (కొత్త సభ్యులు) · మంగళవారం, రాత్రి 8:14

తెరచాప గారి భర్తను. మా ఆవిడ ఈ పుటలు చూపించి "చదువు" అంది. చదివాను. గోడలు చూస్తూ కూర్చోవడం గురించి నేనన్నది కాస్త ఎక్కువే అనుకోండి, ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు. నా అసలు భయం విసుగు కాదు. నడి సముద్రంలో ఒంట్లో బాగా లేకపోతే ఏమిటి? రేవుంటే ఆసుపత్రి ఉంటుంది. ఆ మూడో రోజు, నాలుగో రోజు ఎవరికి ఫోన్ చేస్తాం? దీనికి సూటిగా చెప్పేవాళ్లుంటే చెప్పండి, నాచు గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఇంజన్‌గది · మంగళవారం, రాత్రి 9:03

సరైన ప్రశ్న. పైన మేమెవరం ముట్టుకోలేదు.

ఓడలో డాక్టర్లు, నర్సులు, చిన్న ఆసుపత్రి ఉంటాయి. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, ఈసీజీ చేయగలరు. గుండెపోటు వస్తే మందులతో నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. పెద్ద శస్త్రచికిత్స ఓడలో జరిగే పని కాదు. హెలికాప్టర్ తీరం నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకానే రాగలదు, అట్లాంటిక్ నడిబొడ్డుకు రాదు. అవసరమైతే కెప్టెన్ దారి మళ్లిస్తాడు లేదా వేగం పెంచుతాడు. ఏది చేసినా రెండు మూడు రోజులు పట్టే చోట్లు ఆ దారిలో ఉన్నాయి. ఈ విషయంలో మీ భయం ఊహ కాదు.

కాబట్టి ఇద్దరిలో ఎవరికైనా గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉంటే, లేదా ఈ మధ్యే ఆపరేషన్ అయి ఉంటే, మీ డాక్టరు స్పష్టంగా సరేననేదాకా టికెట్టు కొనవద్దు. ఆరోగ్యంగా ఉంటే వైద్యంతో పాటు ఓడ నుంచి తరలింపు ఖర్చు కూడా వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి. రోజూ వేసుకునే మందులు అదనంగా ఓ వారానికి సరిపడా చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వద్దు. ఫోను సంగతంటారా, ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ ఇప్పుడు నడి సముద్రంలోనూ బాగానే పనిచేస్తోంది, దానికి విడిగా కట్టాలి. మొబైల్‌ను విమానం మోడ్‌లో పెట్టి వైఫై మాత్రమే వాడండి. లేదంటే ఓడలోని ఉపగ్రహ టవర్‌కు తగులుకుని బిల్లు చూసి గుండె ఆగుతుంది, అప్పుడు నిజంగానే డాక్టరు కావాలి.

మాలిని · మంగళవారం, రాత్రి 9:40

ఎదురుగాలి గారూ, మధ్యధరా ప్రయాణంలో కూడా మీరు ఒక రేవులో ఓడ తప్పిపోతే తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో చేరాలి. ఓడవాళ్ల టూరులోనే వెళ్లి ఆలస్యమైతే తప్ప ఆగరు. భయాలు అటువైపూ ఉన్నాయి.

నిర్వాహకుడు · బుధవారం, ఉదయం 6:45

కంపెనీలను పోల్చుతూ వచ్చిన రెండు జవాబులను వేరే చర్చకు తరలించాను. ఇక్కడ తెరచాప గారి ప్రశ్నకే పరిమితం కండి.

తెరచాప · గురువారం, సాయంత్రం 6:30

మా డాక్టరు ఇద్దరినీ పరీక్షించి పర్వాలేదన్నారు. నిన్న రాత్రి బార్బడోస్ ప్రయాణానికి డబ్బు కట్టేశాం. మా ఆయన పెట్టిన షరతులు: టెనెరిఫెలో ఉన్న ఒక్క రోజూ తెల్లవారుజామునే దిగి టెయిడె అగ్నిపర్వతం చూపించాలి, వచ్చే ఏడాది నేపుల్స్, అదీ ఓడలో కాకుండా నేల మీద. రాజు గారు గెలిచారా, గడియారంవద్దు గారు గెలిచారా నాకు తెలియడం లేదు.

ఇంకా ఒకటి మిగిలింది. గది ఓడ మధ్యలో, కింది డెక్కులోనే చూశాం. ఎడమవైపు బాల్కనీ ఒకటి, కుడివైపు ఒకటి ఖాళీగా ఉన్నాయి. రేపటిలోగా చెప్పాలట. ఏది మంచిది?

దూరదర్శిని · గురువారం, సాయంత్రం 6:58

పడమరగా, కాస్త నైరుతిగా పోతారు. నవంబరు చివర్లో సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు, దక్షిణం మీకు ఎడమవైపు. ఎడమ బాల్కనీలో రోజులో ఎక్కువ సేపు ఎండ, కుడివైపు నీడ. సూర్యాస్తమయం దాదాపు ఓడ ముక్కుకు ఎదురుగా జరుగుతుంది, దానికి ఏ బాల్కనీ అయినా పైకి ఎక్కాల్సిందే.

ఎదురుగాలి · గురువారం, రాత్రి 7:10

కుడివైపు.

తెరచాప · గురువారం, రాత్రి 7:12

ఎడమవైపు. ఇంకా మాట్లాడుకుంటున్నాం.